కోడింగ్ సరే, జర్మన్ సంగతేంటి?

ప్రియమైన తల్లిదండ్రులకు,

"జర్మనీలో ఎంఎస్ ఇంగ్లిష్‌లోనే కదా సర్, భాష వెళ్లాక నేర్చుకుంటాడులెండి" అని మీలో చాలామంది అంటుంటారు. నేను ఒప్పుకోను.

జోర్డాన్‌లో 2005లో పెట్టిన జర్మన్ జోర్డానియన్ యూనివర్సిటీనే చూడండి. అక్కడ కంప్యూటర్ సైన్స్ వాళ్లూ జర్మన్ నేర్చుకోవాల్సిందే. డిగ్రీలో ఒక ఏడాది జర్మనీలోనే మరి: ఒక సెమిస్టర్ క్లాసులు, ఇంకొకటి కంపెనీలో ఇంటర్న్‌షిప్. క్లాసులో ఇంగ్లిష్‌తో నెట్టుకురావచ్చు. టీమ్ మీటింగులో, అద్దె ఇంటి అగ్రిమెంట్ దగ్గర కష్టం.

మన పిల్లలేమో బీటెక్ అయ్యాక, వీసా హడావుడిలో ఏ1 పూర్తిచేస్తారు. ఏ1 అంటే పేరు, ఊరు చెప్పుకోగలగడం, అంతే! ఉద్యోగాలకు చాలాచోట్ల బీ1, బీ2 అడుగుతారు. అది రెండు నెలల్లో వచ్చేది కాదు.

ఐఐటీ ఫౌండేషన్ ఒత్తిడి నాకూ తెలుసు. అయినా ఎనిమిదో తరగతి నుంచి వారానికి రెండు పీరియడ్లు జర్మన్‌కు ఎందుకివ్వరని మమ్మల్నే అడగండి.