డేటు మీది... తిథి నాది!

"ఏమండీ, మీ అమ్మాయి పుట్టినరోజు సింగపూర్లో చేశారటగా! ఎంత అదృష్టవంతులండీ!"

కూరగాయల బండి దగ్గరా, గుళ్ళో ప్రదక్షిణాల మధ్యా, ఆఖరికి పళ్ళ డాక్టరు ముందు నోరు తెరుచుకుని కూర్చున్నప్పుడు కూడా ఈ మాట విన్నాను. ప్రతిసారీ నవ్వి ఊరుకున్నాను. ఫోటోలు చూసినవాళ్ళు ఇంకేమనుకుంటారు? కానీ ఆ ఫోటోల్లో పడని సంగతి ఒకటుంది. ఈ వేసవిలో పిల్లల్ని తీసుకుని ప్రయాణాలు పెట్టుకునే తల్లులకి అది చెప్పాలనిపించి ఇవాళ రాస్తున్నా.

మా చిన్నదానికి 2024 మే నెలలో పదేళ్ళు నిండాయి. అంతకుముందు తొమ్మిది పుట్టినరోజులూ మా ఇంట్లో ఒకే పద్ధతిలో జరిగాయి. తెల్లవారకముందే మా అత్తయ్య లేచి పిల్లకి నలుగు పెట్టి తలంటు పోసేవారు. కొత్త పరికిణీకి అంచున పసుపు పెట్టి కట్టబెట్టేవారు. దేవుడి దగ్గర కూర్చోబెట్టి హారతిచ్చి, తొలి అక్షింతలు ఆవిడే వేసేవారు. పరమాన్నం ఆవిడే వండేవారు. నేను? గిన్నెలు అందించేదాన్ని. సాయంత్రం వచ్చే పిల్లలకి కేకు ముక్కలు పంచేదాన్ని.

అత్తయ్య మంచి మనిషి. నా పిల్లలిద్దర్నీ చేతుల్లో పెట్టుకుని పెంచారు. అయినా నిజం చెప్తున్నా... ఒక్క పుట్టినరోజు, ఒకే ఒక్కటి, నా చేతుల మీదుగా, నాకు నచ్చినట్టు జరగాలని మనసులో ఉండేది. బయటికి అనలేని కోరిక. మీలో చాలామందికి ఇలాంటివి ఉండే ఉంటాయి.

నాలుగేళ్ళపాటు కట్టిన చీటీ చేతికొచ్చింది. మావారు "సింగపూర్ వెళ్దామా?" అన్నారు. తేదీలు నేనే చూశాను. పుట్టినరోజు సరిగ్గా ప్రయాణం మధ్యలో పడేట్టు చూశాను. "సెలవులు అప్పుడే కుదిరాయి" అని అత్తయ్యతో చెప్పాను.

"నా మోకాళ్ళకి విమానాలెందుకమ్మా! మీరెళ్ళి రండి. ఆ రోజు పొద్దున్నే ఒక్క ఫోను చేయించు, చాలు" అన్నారావిడ. బయల్దేరేముందు ఒక చిన్న కాగితం పొట్లం నా చేతిలో పెట్టారు. విప్పకుండానే పెట్టె అడుగున పెట్టేశాను. ఆవిడకి తోడుగా మా ఆడపడుచు వచ్చి ఉంది.

ఇక అసలు రోజు సంగతి.

సింగపూర్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. అక్కడ సూర్యోదయం ఇంచుమించు ఏడింటికి. ఎండ ముదరకముందే ఫోటోలు తీయాలని పిల్లని ఐదున్నరకే లేపి, పట్టు పరికిణీ కట్టి, పూలజడ వేసి, ఏడింటికల్లా మెర్లయన్ విగ్రహం ముందు నిలబెట్టాను. సింహం తల, చేప ఒళ్ళు, నోట్లోంచి నీళ్ళధార. 8.6 మీటర్ల ఎత్తు. 1972లో కట్టి, 2002లో ఇప్పుడున్న చోటికి మార్చారు. చూడముచ్చటగానే ఉంది. కానీ ఆ ఊళ్ళో గాలి మన మచిలీపట్నం ఉక్కపోతకి తాత! పావుగంటలో పిల్ల పట్టుబట్ట ఒంటికి అతుక్కుపోయింది.

"అమ్మా, నానమ్మకి ఫోను?" అంది.

"అక్కడ ఇంకా నాలుగున్నరే. నిద్రపోతుంటారు. తర్వాత చేద్దాం" అన్నాను.

అత్తయ్య నాలుగింటికే లేస్తారని పదిహేనేళ్ళుగా నాకు తెలుసు.

పైగా మా ఫోన్లు హోటల్లో వైఫై ఉన్నచోట తప్ప పలకవు. ఆవిడ చేద్దామన్నా కలవదు. అదీ నాకు తెలుసు. పదింటికి 'గార్డెన్స్ బై ది బే'లో ఉన్నాం. 2012లో తెరిచిన తోట అది. ఇనుప చెట్లు ఆకాశమంత ఎత్తున ఉంటాయి. అక్కడా అడిగింది చిన్నది. "హోటలుకెళ్ళాక" అన్నాను. హోటలుకొచ్చాక మళ్ళీ అడిగింది. "ముందు కేకు కోసేద్దాం, క్రీము కరిగిపోతుంది" అన్నాను.

గదిలో కొవ్వొత్తులు వెలిగించడానికి వీల్లేదన్నారు హోటలువాళ్ళు. పొగ తగిలితే అలారం మోగుతుందట. కింద భోజనాల హాల్లో టేబులిచ్చారు. మావారు ఫోను పట్టుకుని సిద్ధం. మా పెద్దవాడు చప్పట్లకి సిద్ధం. చుట్టూ ఎవరెవరో దేశదేశాలవాళ్ళు నవ్వుతూ చూస్తున్నారు. చిన్నది కేకు వంక చూస్తుంది గానీ ఊదదు.

"ఊదవే! అందరూ చూస్తున్నారు" అన్నాను పళ్ళబిగువున.

అది తలెత్తి, చాలా మామూలుగా, "నానమ్మ అక్షింతలు వెయ్యందే నాకు పదేళ్ళు ఎట్లా వస్తాయమ్మా?" అంది.

మావారు ఫోను దించేశారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఎవరి పుట్టినరోజు చేస్తున్నాను నేను? పిల్లదా, నాదా, రేపు ఫోటోలు చూసేవాళ్ళదా?

అప్పుడు చేశాం ఫోను. అక్కడ మూడు గంటలు. ఇంట్లో పన్నెండున్నర. మా ఆడపడుచు ఎత్తింది. ఆవిడ గొంతులోనే కోపం తెలిసిపోయింది. "అమ్మ నాలుగింటికే లేచి తలారా స్నానం చేసి, పరమాన్నం దేవుడికి పెట్టి, ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది వదినా. కాఫీ కూడా తాగలేదు" అంది. అత్తయ్య మాత్రం తెరమీదకి వచ్చి ఒక్క నిష్ఠూరం ఆడలేదు. "పిల్ల అన్నం తిన్నదా?" అన్నారు. అంతే. దులిపేసినా బాగుండేది!

"అమ్మాయ్, పొట్లం తెచ్చావా?" అనడిగారు. పైకి పరుగెత్తి పెట్టె అడుగునుంచి తీసుకొచ్చాను. విప్పితే పసుపు అక్షింతలు. అందులోనే మా చిన్నది నిరుడు కట్టిన పరికిణీ ముక్కతో కుట్టిన చిన్న సంచీ, దాన్లో నూటపదహారు రూపాయలు.

"నా తరఫున నువ్వెయ్యి. తల్లివి, నీ చెయ్యి నాకంటే మంచిది" అన్నారు.

వేశాను. ఏ పని నా చేతుల మీదుగా జరగాలని అంత పథకం వేశానో, ఆ పని ఆవిడ మాటతో నా చేతికొచ్చింది. "నూరేళ్ళు చల్లగా ఉండు తల్లీ" అని అక్కడ ఆవిడా, ఇక్కడ నేనూ ఒకేసారి అన్నాం. చిన్నది అప్పుడు ఊదింది కొవ్వొత్తి. కేకు మీద క్రీము సగం కరిగింది. ఎవరికీ పట్టలేదు.

సాయంత్రం సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడికి వెళ్ళాం. అది ఆ దేశపు జాతీయ కట్టడాల జాబితాలో ఉన్న గుడి. తైపూసం నాడు కావళ్ళ ఊరేగింపు బయల్దేరేది కూడా అక్కడినుంచే. పిల్ల పేరు మీద అర్చన చేయించాం. దగ్గరలోని 'లిటిల్ ఇండియా'లో మూర మల్లెపూలు కొని జడలో పెట్టాను. పొద్దున్నించీ అప్పుడు నవ్వింది మా చిన్నది మనస్ఫూర్తిగా.

రాత్రి భోజనానికి ఒక శాకాహారం అంగడికి వెళ్ళాం. అక్కడ వడ్డించే చీనా ముసలమ్మ, పరికిణీ చూసి సంగతేమిటని అడిగింది. పుట్టినరోజని చెప్పాం. మేం అడక్కుండానే ఒక గిన్నెడు నూడుల్సు తెచ్చి పెట్టింది. చిన్నది చెంచాతో తుంపబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది. తుంపకూడదట! చీనావాళ్ళు పుట్టినరోజున పొడుగాటి నూడుల్సు తింటారు. ఎంత పొడుగుంటే అంత ఆయుష్షని నమ్మకం. మనం నూరేళ్ళని నోటితో అంటాం, వాళ్ళు గిన్నెలో పెట్టిస్తారు. ఆ ముసలమ్మ చిన్నదాని తల నిమురుతుంటే నాకు మా అత్తయ్యే కనిపించారు.

ఇంటికొచ్చాక అత్తయ్య పంచాంగం తీసి చూశారు. పదేళ్ళ కిందట పుట్టిన తిథి, తేదీ పుట్టినరోజు తర్వాత తొమ్మిదో రోజున పడింది. చంద్రుడి లెక్కా సూర్యుడి లెక్కా ఏటా తేడా పడుతూ, పంతొమ్మిదేళ్ళకోసారి ఇంచుమించు ఒకచోటికి వస్తాయి. "డేటు మీది, తిథి నాది" అన్నారు నవ్వుతూ. ఆ రోజు నలుగు, తలంటు, పరమాన్నం అన్నీ జరిగాయి. ఈసారి నేను గిన్నెలు అందిస్తూ నిలబడలేదు. పరమాన్నం నేను వండాను. ఆవిడ పక్కన పీట వేసుకుని కూర్చుని, "బెల్లం ఇంకాస్త" అంటూ చెప్పారు. ఇన్నేళ్ళూ "నేను వండుతానత్తయ్యా" అని నేను అడగనూ లేదు, ఆవిడ వద్దననూ లేదు! అడిగి ఉంటే సింగపూర్ దాకా వెళ్ళనక్కర్లేకపోయేది.

అందుకని తోటి తల్లులకి నాలుగు మాటలు.

పిల్లల పుట్టినరోజు ప్రయాణంలో పడితే, ఆ రోజు ఏం చేయాలో ముందు పిల్లల్నే అడగండి. వాళ్ళు కోరేవి చాలా చిన్నవి. ఒక ఈత, ఒక ఐస్‌క్రీము, ఒక ఫోను. ఆ రోజుకి ఒకటి రెండు పనులకి మించి పెట్టుకోవద్దు. ఇంటి దగ్గర ఎదురుచూసే పెద్దవాళ్ళుంటే గడియారం తేడా లెక్కచూసి, వాళ్ళ తెల్లవారుజామున మొదటి ఫోను చేయండి. ఫోటోలు ఆ తర్వాత. హోటల్లో కొవ్వొత్తి వెలిగించేముందు అడగండి. లేకపోతే దీపం వెలిగించినట్టు ఊహించుకుని చప్పట్లు కొట్టండి. దీపం ఆర్పడం ఇష్టంలేని అత్తయ్యలకీ అదే మంచిది!

ఇంకో సంగతి. విమాన టికెట్లకి కూడా పుట్టినరోజుతో పనుంది. ప్రయాణం మధ్యలో బిడ్డకి 2 ఏళ్ళు నిండితే, తిరుగు ప్రయాణంలో ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే కుదరదు, సీటు కొనాల్సిందే. 12 నిండితే పెద్దవాళ్ళ లెక్కలోకి వస్తారు. టికెట్లు తీసుకునేటప్పుడే ఇది చూసుకోండి.

చివరిగా, ఎక్కడో చదివి దాచుకున్న మాట. కొరియావాళ్ళు పుట్టినరోజు పూట సముద్రపు నాచుతో చేసిన సూపు తాగుతారు. అది బాలింతలకి పెట్టే సూపే. తనని కన్న రోజున అమ్మ తాగిన సూపే, బిడ్డ ఏటా ఆ రోజున తాగుతుందన్నమాట. మన కాయం ముద్దలాంటిదే అనుకోండి. అంటే పుట్టినరోజు బిడ్డదొక్కదానిదే కాదు, కన్నతల్లిది కూడా. కాబట్టి నాకూ ఒక వంతు కావాలని ఆశపడటం తప్పేమీ కాదు. ఆ వంతు కోసం పెంచిన చేతుల్ని ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చోబెట్టడమే తప్పు.

ఆ మెర్లయన్ ఫోటో మా హాల్లో పెట్టాలని ఫ్రేము కూడా కట్టించాను. ఇప్పుడు గోడమీద ఉన్నది అది కాదు. మా పెద్దవాడు తీసిన ఇంకో ఫోటో. కరిగిన కేకు, జుట్టునిండా అక్షింతలతో చిన్నది, దాని చేతిలోని ఫోను తెరమీద అగ్గిపెట్టంత అత్తయ్య. నా మొహం సగమే పడింది. అయినా అదే బాగుంది.