ఒక్క ఉండ కోసం దుబాయి పోలేం కదా!

అక్కలూ, చెల్లెళ్ళూ! ముసురు తగ్గి చలి మొదలయ్యే వేళకి అటక మీది సూదులు, ఊలు కిందికి దిగుతాయి. ఈసారి మా బుగ్గారంలోనే, మా వాడకట్టు చెల్లెలొకామె ఓ ప్రశ్న పట్టుకొచ్చింది. వచ్చే నెల దుబాయిలో ఉన్న భర్త దగ్గరికి వెళ్తోంది. "అక్కా, అక్కడ ఊలు మంచిగ దొరుకుతదట గద. పాప స్వెటర్‌కు తెచ్చుకుంట. ఏం చూసి కొనాలె?" అంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు గల్ఫ్‌కి మనిషిని పంపని వాడకట్టు అరుదు. అందుకే ఆమెకు చెప్పిందే మీ అందరికీ చెబుతున్నాను.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. 1996లో మావారు దుబాయిలో పనిచేసేవారు. రెండేళ్ళ బాబుకి స్వెటర్ అల్లాలని, లేత నీలం ఊలు అయిదు ఉండలు తెమ్మని ఉత్తరం రాశాను. పాపం, సెలవునాడు వెతికి వెతికి ఒక దుకాణంలో మూడు, క్రీక్ దాటి అవతల ఇంకో దుకాణంలో రెండు కొన్నారు. దీపం వెలుగులో అన్నీ ఒకటే రంగు. రాత్రిళ్ళు కూర్చుని అల్లేశాను. ఉతికి ఎండలో ఆరేస్తే తెలిసింది, ఒళ్ళు ఒక నీలం, చేతులు ఇంకో నీలం! మా అత్తగారు చూసి, "చేతులు వేరే పిలగానియా ఏందే?" అని నవ్వారు. నేను మాత్రం నోరు జారాను. "గిదేం ఊలు తెచ్చినవయ్యా!" అనేశాను. ఆయన ఏమీ అనలేదు. మళ్ళీ వచ్చేది రెండేళ్ళకు. అప్పుడు సరైన ఉండ తెచ్చినా పిల్లాడికి ఆ స్వెటర్ పడుతుందా?

తప్పు ఆయనది కాదు, దుకాణాలదీ కాదు. ఊలుకి రంగు ఒక్కో విడతగా వేస్తారు. రంగు పేరు ఒకటే అయినా, ఒక విడతకీ మరో విడతకీ కాస్త తేడా వస్తుంది. ఆ విడత నంబరునే ఉండ చుట్టూ ఉన్న కాగితం పట్టీ మీద 'లాట్' లేదా 'డై లాట్' అని వేస్తారు. రంగు నంబరు వేరు, లాట్ నంబరు వేరు. రెండూ కలవాలి. ఆ సంగతి నేను ఉత్తరంలో రాయలేదు.

కనుక మొదటి మాట: కావలసిన ఊలంతా ఒకేసారి, ఒకే లాట్‌లో కొనండి. పైన ఒక ఉండ ఎక్కువే తీసుకోండి. జగిత్యాల బజారుకైతే మళ్ళీ వెళ్తాం. ఒక్క ఉండ కోసం దుబాయి పోలేం కదా! మిగిలితే టోపీ అవుతుంది, చాలకపోతే మొత్తం దండగ.

రెండో మాట: ఎన్ని ఉండలన్నది బరువుతో లెక్కించకండి. 100 గ్రాముల సన్న ఊలు సుమారు 400 మీటర్లు వస్తే, లావు ఊలు 200 మీటర్లే రావచ్చు. పట్టీ మీద మీటర్లు కూడా ఉంటాయి. మీ నమూనాకి 600 మీటర్లు కావాలనుకోండి, ఉండకి 250 మీటర్లయితే మూడు ఉండలు, పైన ఇంకొకటి.

మూడో మాట: మనం అక్రిలిక్‌ని కూడా ఊలు అనే అంటాం. అసలు ఊలంటే గొర్రె బొచ్చు, మన కురుమల గొంగడిలో ఉండేది. పట్టీ మీద ఏది ఎంత శాతమో చదవండి. అసలు ఊలుని వేడి నీళ్ళలో వేసి రుద్దితే ముడుచుకుపోతుంది. అక్రిలిక్ ఉతకడం తేలిక, కానీ వేడి ఇస్త్రీ తగిలితే చదునై పాడవుతుంది. ఇంటికొచ్చాక అనుమానమైతే చిన్న పోగు తుంచి, పట్టకారుతో పట్టుకుని, జాగ్రత్తగా వెలిగించి చూడండి. వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, బూడిద నలిగితే ఊలు. కరిగి గట్టి పూసలా అయితే అక్రిలిక్. పసిపాపకైతే ఏది కొన్నా ముందు మీ మెడకి ఆనించి చూడండి. మీకు గుచ్చుకుంటే పాపకి వద్దు. పోగులు రాలే బొచ్చు రకం అసలే వద్దు, నోట్లో పెట్టుకుంటారు.

నాలుగో మాట సూదుల గురించి. మన పాత లెక్కలో నంబరు పెరిగితే సూది సన్నబడుతుంది, సిరిసిల్ల నేతన్నల నూలు కౌంటులాగే. మన 8 నంబరు 4 మిల్లీమీటర్లు, 10 నంబరు 3.25, 12 నంబరు 2.75. అమెరికా లెక్క తిరగేసి ఉంటుంది. అక్కడ 8 అంటే 5 మిల్లీమీటర్లు! పరాయి దేశంలో నంబరు చెప్పకండి, మిల్లీమీటర్లు అడగండి. సూదులు చేతిసంచీలో కాక పెద్ద పెట్టెలో వేస్తే విమానాశ్రయంలో గొడవ ఉండదు.

ఇప్పటికే రెండు లాట్లు కలిపి కొనేశారా? కంగారు వద్దు. రెండు వరుసలు ఈ ఉండతో, రెండు వరుసలు ఆ ఉండతో అల్లుకుపోతే తేడా కలిసిపోతుంది. లేదా వేరే లాట్‌ని మెడపట్టీకి, అంచులకి వాడండి. ఇది నాకు ఆనాడు తెలియదు.

ఆ చేతులు వేరు రంగు స్వెటర్ తొడుక్కున్న బాబే ఇప్పుడు దుబాయిలో ఉద్యోగం చేస్తున్నాడు. 2022లో కోడలి పురిటికి నేనే వెళ్ళాను. దుకాణంలో కళ్ళద్దాలు పెట్టుకుని ఆరు ఉండల నంబర్లూ చూశాను. ఒకటి కలవలేదు. అడిగితే దుకాణం అబ్బాయి లోపలికెళ్ళి అదే లాట్‌లోది తెచ్చిచ్చాడు.

ఇంటికొచ్చాక ఆ పట్టీ మావారికి చూపించాను. ఆయన కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, "గీ నంబరు సంగతి ఆనాడే రాస్తే నేను చూడకపోదునా?" అన్నారు. ఇరవై ఆరేళ్ళ తర్వాత వచ్చిన జవాబు!

అందుకే చెల్లెళ్ళూ, మీరు వెళ్తే పట్టీ చదవండి. మీవారు తెస్తుంటే కావలసిన వివరాలన్నీ ముందే రాసి పంపండి. అప్పుడు ఆయన సెలవుదినమూ వృథా కాదు, మీరూ నోరు జారక్కర్లేదు. మళ్ళీ వారం కలుద్దాం.