నలభై నాలుగేళ్ళకు కొత్త బడి



పోయిన నెల 20వ తేదీన మా సంఘంలో స్త్రీల ఉపవాస ప్రార్థన జరిగింది. ఒక సహోదరి రాలేదు. "లెక్కల్ల పడ్డంక ఆమెకు దేవుడు యాదికొస్తలేడు అయ్యగారూ" అని ఒక పెద్దమ్మ మాతో అన్నది. మేము కూడా తల ఊపాము. అలా తల ఊపినందుకే ఈ నాలుగు మాటలు రాయవలసి వచ్చింది.

ఆ సహోదరి సికింద్రాబాదులో ఒక ప్రైవేటు బడిలో పదిహేడేళ్ళు లెక్కల టీచరు. చీకటితోనే లేచి, అన్నం వండిపెట్టి, మొదటి బస్సుకు జేబీఎస్‌లో దిగేది. 2020లో బడులు మూతపడ్డాయి, జీతం ఆగింది. మరుసటి ఏడాది ఏప్రిల్ నుండి ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చిన సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. రేషన్ షాపులో ఆమెకు బియ్యం తూచి ఇచ్చినవాడు ఒకప్పుడు ఆమె దగ్గర ఎక్కాలు నేర్చుకున్న పిల్లవాడే. ఆ రోజు ఆమె ఇంటికి పోకుండా మందిరానికి వచ్చి చాలాసేపు కూర్చున్నది. బడి మళ్ళీ తెరిచాక సగం జీతానికి వస్తే రమ్మన్నారు. వెళ్ళింది. మూడేళ్ళు అలాగే నెట్టుకొచ్చింది.

2023 డిసెంబరు 9 నుండి ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సుల్లో టికెట్టు లేకుండా పోయింది కదా. ఆ మిగిలిన బస్సు డబ్బులు కూడబెట్టి, సికింద్రాబాదులోనే సాయంత్రం పూట ట్యాలీ, జీఎస్టీ లెక్కలు నేర్పే చోట చేరాలనుకున్నది. అప్పటికి ఆమెకు నలభై నాలుగేళ్ళు. ఇంట్లో "ఇప్పుడెందుకు" అన్నారు. మా దగ్గరికి ప్రార్థనకు వచ్చింది. మేము మా అలవాటు ప్రకారం "ప్రభువు కోసం కనిపెట్టమ్మా" అన్నాము.

"కనిపెడుతూనే ఉన్నాను అయ్యగారూ. కానీ ఫీజు గడువు శనివారంతో అయిపోతుంది" అన్నది.

మాకు జవాబు దొరకలేదు. ప్రార్థన చేసి పంపించాము.

ప్రియులారా, మేము అబ్రాము డెబ్బై అయిదేళ్ళకు హారాను విడిచి బయలుదేరాడని ప్రసంగిస్తాము. మోషే ఎనభై ఏళ్ళకు ఫరో ముందు నిలబడ్డాడని చెబితే సంఘమంతా ఆమెన్ అంటుంది. నలభై నాలుగేళ్ళ ఆడమనిషి కొత్త పని నేర్చుకుంటానంటే మాత్రం మనకు వయసు గుర్తుకొస్తుంది. ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. ఆత్మవిశ్వాసం లోకపు మాట, విశ్వాసమే మన మాట అని మేము ఎన్నోసార్లు బల్ల గుద్ది చెప్పాము. వినడానికి బాగానే ఉంటుంది. అయితే పదిహేడేళ్ళు పిల్లలకు భిన్నాలు, శాతాలు నేర్పిన మనిషి "నాకేం చేతనవుతుంది" అని అనుకుంటుంటే అది దీనత్వం కాదు. మత్తయి 25వ అధ్యాయంలో తలాంతును భూమిలో దాచినవాడి పని అది. ఆ గుంట తవ్వడానికి గడ్డపార అందించినవాళ్ళలో మేము కూడా ఉన్నామేమో.

రూతు గ్రంథం తెరవండి. మోయాబు నుండి తిరిగొచ్చిన రోజున నయోమిలో ధైర్యం ఎక్కడుంది? తన పేరే మారా అని మార్చుకున్నది. దేవుడు ఆమెను గద్దించినట్టు ఆ గ్రంథంలో లేదు. ఆమె బేత్లెహేము చేరేసరికి యవల కోత మొదలైంది. పరదేశికీ విధవరాలికీ పొలంలో పరిగె వదలాలని ధర్మశాస్త్రంలో ముందే రాసి ఉంది. అందువల్ల రూతు పొలానికి వెళ్ళగలిగింది, సాయంత్రానికి ఇంట్లో యవలు కనిపించాయి. ఆ తరువాతే నయోమికి ఆలోచన కదిలింది, ఇలా చెయ్యి, అలా చెయ్యి అని కోడలికి చెప్పడం మొదలుపెట్టింది. ఆ వరుస గమనించండి. ముందు పరిగె, తర్వాత ధైర్యం. మేము మాత్రం ఆడవాళ్ళను ముందు ధైర్యం తెచ్చుకోమంటాము, పరిగె సంగతి ఎత్తము.

ఆ పరిగె సంగతి బాగా తెలిసిన మనిషి ఒకరున్నారు, మన సంఘస్థురాలు కాదు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు. 1909లో రాజమహేంద్రవరంలో పుట్టారు, చిన్నతనంలోనే పెళ్ళి చేశారు. స్వాతంత్ర్య పోరాటంలో జైలుకు వెళ్ళి వచ్చాక ప్రైవేటుగా బెనారస్ మెట్రిక్ రాసి, పై చదువులు చదివి, 1942లో లా పూర్తిచేశారు. మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి, చదువు ఆగిపోయిన ఆడవాళ్ళను అదే మెట్రిక్‌కు తయారుచేశారు. తరువాత కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు తరఫున 1958లో పెద్ద వయసు స్త్రీల కోసం, ఏళ్ళ తరబడి సాగే చదువును కుదించి చెప్పే కోర్సులు ప్రారంభింపజేశారు. సికింద్రాబాదు నుండి విద్యానగర్ వైపు వెళ్ళేవాళ్ళు ఆమె పేరున్న ఆసుపత్రి చూసే ఉంటారు. మేమూ ఎన్నోసార్లు చూశాము, ఈ సంగతి ఎన్నడూ ఆలోచించలేదు. ఆమె ఆడవాళ్ళకు ధైర్యం చెప్పడంతో ఆగలేదు, వాళ్ళ వయసుకూ తీరికకూ సరిపోయే తరగతి పెట్టారు.

ఇప్పుడు కొన్ని తలుపులు తెరిచి ఉన్నాయి, కొన్ని మూసి ఉన్నాయి. మన రాష్ట్రంలో యూనిఫాం లేని ప్రభుత్వ ఉద్యోగాలకు వయసు హద్దు 2022లో 34 నుండి 44కు, 2024లో 46కు పెంచారు. ఓపెన్ స్కూలులో పదో తరగతి రాయడానికి పై వయసు అడ్డు లేదు. కానీ జీఎన్ఎం నర్సింగు కోర్సులో కొత్తగా చేరాలంటే 35 దాటకూడదు. మా దగ్గరికి ప్రార్థనకు వచ్చే తల్లికి ఈ లెక్కలు కూడా చెప్పాలని ఇప్పుడు అనుకుంటున్నాము. మూసిన తలుపు ముందు మూడేళ్ళు ఉపవాసం ఉంచడం మంచి కాపరి పని కాదు. సంఘంలో ఆడవాళ్ళ వయసు గురించి సణిగేవాళ్ళు నంద్యాల డయోసిస్‌ను కూడా తలచుకోవాలి. అక్కడ 2013లో ఇ. పుష్పలలిత గారు దక్షిణ ఇండియా సంఘపు మొదటి మహిళా బిషప్ అయ్యారు, అప్పటికి ఆమెకు యాభై దాటింది.

మన సహోదరి సంగతికి వస్తాము. తన కొడుకు వయసు పిల్లల మధ్య కూర్చుని కోర్సు పూర్తిచేసింది. ఇప్పుడు తొమ్మిది దుకాణాల లెక్కలు చూస్తున్నది. సంపాదన ఇంకా పాత పూర్తి జీతమంత లేదు, అది దాచడం ఎందుకు. నెలనెలా రిటర్ను వేసే దుకాణాలకు 11వ తేదీ ఒక గడువు, 20వ తేదీ ఇంకో గడువు. మొన్న ఆమె ఇంటికి వెళ్ళి అడిగాము, 20న ఎందుకు రాలేదమ్మా అని. మొదట చెప్పలేదు. తరువాత చెప్పింది. ఆర్నెల్ల కిందట మా ఉపవాస ప్రార్థనకు వచ్చి రోజంతా కూర్చున్నందుకు ఒక కిరాణా కొట్టు రిటర్ను గడువు దాటింది. రోజుకు 50 రూపాయల చొప్పున మూడు రోజుల రుసుము. కొట్టువాళ్ళను అడగకుండా 150 రూపాయలు తన కొంగులోంచి తీసి కట్టింది. మాతో ఒక్క మాట అనలేదు.

స్త్రీల ఉపవాస ప్రార్థన ఇకనుండి నెల చివరి శుక్రవారం జరుగుతుంది. ఆ పెద్దమ్మకు ఎందుకు మార్చామో మేమే వెళ్ళి చెప్పాము. సహోదరికి ఫోను చేస్తే, "వస్తాను అయ్యగారూ. కానీ నాలుగింటి బస్సుకు లేచి వెళ్ళిపోతాను, పదో దుకాణం వాళ్ళు బిల్లులు ఇస్తామన్నారు" అన్నది.