ఇన్సూరెన్స్ ఉన్నా పైసలెందుకు?

సోలాపూర్ సాఖర్ పేటలో ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, ఆసుపత్రి బిల్లు మాత్రం ఇంగ్లీషు. ఆ బిల్లు పట్టుకొచ్చే మరమగ్గాల కార్మికులు మమ్మల్ని అడిగేది ఒకటే: "అయ్యగారూ, ఇన్సూరెన్స్ ఉంది కదా, మళ్ళా పైసలెందుకు?"

చాలాసార్లు మెలిక 'రూమ్ రెంట్ లిమిట్'లో ఉంటుంది. పాలసీ రోజుకు రూ.2,000 గదికే ఒప్పుకుంటే, రూ.4,000 గదిలో చేరినవారు గది తేడా కట్టుకుంటే చాలనుకుంటారు. చాలదు. చాలా పాలసీల్లో డాక్టరు ఫీజు, ఆపరేషన్ ఛార్జీ కూడా సగానికి కోస్తారు. మందులకు ఈ కోత లేదు. 'కో-పే' వేరు: గది ఏదైనా, బిల్లులో మన వంతు తప్పదు.

కోరితే పాలసీ సారాంశ పత్రాన్ని స్థానిక భాషలో ఇవ్వాలని ఐఆర్‌డీఏఐ ఆదేశం 2024 జనవరి నుంచి అమలులో ఉంది. ఇక్కడ అది మరాఠీ కావచ్చు, అదైనా మేలే. సంతకానికి ముందే ఏజెంటును అడగండి. మేమూ మొన్నటిదాకా అడగలేదు.