గణిత పట్టభద్రులును, సైనికోద్యోగములును

మన కె. కోటపాడు ప్రాంతమున చెరకు అమ్మిన సొమ్ముతో కుమారులను బి.యస్సీ. వరకు చదివించిన కర్షకులు పెక్కుమంది గలరు. గణితమున ఉత్తీర్ణుడైన బాలుడు ఇప్పుడేమి చేయుచున్నాడని విచారించినచో, ఉపాధ్యాయ నియామకముల ప్రకటనకై వేచియున్నాడను ప్రత్యుత్తరమే తరచుగా వినవచ్చుచున్నది. ఆ నిరీక్షణములో రెండు మూడేండ్లు గడచును. సేనలో అధికారి పదవికి గల వయఃపరిమితియు ఆ యేండ్లలోనే దాటిపోవుచున్నదని తలిదండ్రులెరుగరు. ఈ నష్టమును గూర్చియే మేము వ్రాయబూనితిమి.

మనవారికి సైన్యమనగా పరుగుపందెమే. వేకువజామున రోడ్డుపై పరుగిడు బాలురను చూచి మేమును సంతసింతుము. కాని 2022వ సంవత్సరమునుండి సాధారణ సైనికులను అగ్నిపథ పద్ధతిని నాలుగేండ్లకు మాత్రమే చేర్చుకొని, వారిలో నూటికి 25 మందికి మించకుండ స్థిరపరచుటకు ఏర్పాటు చేసిరి. పట్టభద్రుడు ఆ వరుసలో నిలుచుట తప్పని మేమనము. వేరొక ద్వారము తెరచియుండగా దానివంక చూడనైన చూడకుండుట శోచనీయము.

ఆ ద్వారము యూ.పీ.ఎస్.సీ. వారు ఏటికి రెండు మారులు జరుపు సీ.డీ.ఎస్. పరీక్ష. డెహరాడూనునందలి సైనిక విద్యాలయమునకును, హైదరాబాదు చెంతనున్న దుండిగల్ వైమానిక విద్యాలయమునకును పోగోరువారు ఆంగ్లము, సామాన్యజ్ఞానము, ప్రాథమిక గణితము అను మూడు పత్రములు వ్రాయవలెను. ఒక్కొక్కటి 100 మార్కులు. గణితపత్రము పదవతరగతి స్థాయిలోనిదే. వడ్డీ, నిష్పత్తి, వైశాల్యము వంటి లెక్కలు మన సంఘపు గుమాస్తాకును పరిచితములే! వైమానిక శాఖకు ఇంటరులో గణిత భౌతికశాస్త్రములు చదివియుండవలెను. చెన్నై ఓ.టి.ఏ.కు గణితపత్రమే లేదు, ఆడపిల్లలును పోవచ్చును. విశాఖ కంటియెదుట నున్నను, ఈ పరీక్ష ద్వారా నావికా విద్యాలయమున చేరుటకు ఇంజనీరింగు పట్టము కావలెనని మరువరాదు. గణితమున ఎం.యస్సీ. చేసి, బి.యస్సీ.లో భౌతికశాస్త్రము చదివినవారికి నావికాదళపు విద్యాశాఖ కలదు. బి.యస్సీ. గణితముతో హవల్దారు సర్వేయరు ఉద్యోగమును కలదు. 1802లో మదరాసు చెంత గొలుసుతో భూమిని కొలిచి, దేశమంతటి త్రికోణమితి సర్వేకు పునాది వేసిన లాంబ్టన్ సైనికాధికారియే గదా.

డెహరాడూనునకు వయస్సు సుమారు 24 ఏండ్ల వరకే, అవివాహితుడై యుండవలెను. సంబంధము కుదిరినదని తొందరపడు పెద్దలు ఈ సంగతిని గమనింపవలెను.

నిజమైన చిక్కు గణితమున లేదు, ఆంగ్లమున నున్నది. ప్రశ్నలు ఆంగ్లమునను, హిందీలోను మాత్రమే యుండును. తప్పు సమాధానమునకు మూడవవంతు మార్కు పోవును గావున ఊహించి గురుతుపెట్టు అలవాటు చేటు తెచ్చును. లిఖితపరీక్ష పిమ్మట ఐదు దినముల ఎంపిక జరుగును. మేమెరిగిన యొక బాలుడు లెక్కలలో దిట్ట; అచ్చట పదిమంది నడుమ నోరు విప్పలేక తిరిగివచ్చెను. మరల యత్నించుటకు వానికి వయస్సు మిగులలేదు.

పరీక్ష రుసుము 200 రూపాయలు. స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని అదియు లేదు. లక్షలిచ్చిన కొలువు ఇప్పింతునను దళారిని నమ్మి మన సభ్యుడొకరు ఎడ్ల నమ్ముకొనిరి. ఎడ్లును పోయినవి, కొలువును రాలేదు.

శిక్షణకాలముననే నెలకు 56,100 రూపాయల భృతి యిత్తురు. అయినను ఓ.టి.ఏ. ద్వారా చేరినవారికి తొలుత పదేండ్ల కొలువే. మరి నాలుగేండ్లు పొడిగింపవచ్చును గాని, ఆ పదేండ్లకు పింఛను లేదు. ఒక్కడే కొడుకైన యింట తల్లి కంటనీరు పెట్టుకొన్నచో ఆమెకు మేము సమాధానము చెప్పజాలము.

సంఘ కార్యాలయమున ఒక ఆంగ్ల దినపత్రికను, గత పరీక్షల ప్రశ్నపత్రములను ఉంచి, ఆదివారములందు మన బాలురును బాలికలును ఆంగ్లమున సంభాషించుటకు ఒక గది యియ్యవలెనని మేము కోరుచున్నాము. వచ్చు సర్వసభ్య సమావేశమున ఈ వ్యయమును ప్రతిపాదింపదలచితిమి. అభ్యంతరము గల సభ్యులు అచ్చటనే తెలుపవచ్చును.