పోయే హక్కుంది.. ఉండే హక్కేది?

దీపావళి దాటిందంటే చాలు, ఆస్పరి, ఆలూరు, కోసిగి, ఆదోని పల్లెల్లో ఇళ్లకు తాళాలు పడతాయి. ఏమైనారని అడిగితే ‘సుగ్గికి పోయినారు’ అంటారు. పక్కనున్న కన్నడ సీమలో సుగ్గి అంటే పంట చేతికొచ్చే సంబరం. మా దగ్గర సుగ్గి అంటే పిల్లాజెల్లను వెంటేసుకొని గుంటూరు మిరప చేలకు కూలికి పోవడం. ఆదోని పత్తి యార్డుకు పేరు తెచ్చిన పల్లెలకు దక్కిన బతుకు ఇది!

రాజ్యాంగం 19వ అధికరణం దేశంలో ఎక్కడికైనా పోయే హక్కు, ఎక్కడైనా ఉండే హక్కు ఇచ్చింది. మంచిదే. పోకుండా సొంతూళ్లో బతికే హక్కు ఎవరిచ్చారు?

మేం అడుగుతున్న కొత్త ప్రాథమిక హక్కులు మూడు. నీళ్లు, ఊళ్లోనే పని, తెగిపోని చదువు. ‘వీటికి పథకాలున్నాయి కదా’ అంటారు పాలకులు. పథకం వాళ్ల దయ. ప్రభుత్వం మారితే పేరు మారుతుంది, ఖజానా తగ్గితే ఆగుతుంది. హక్కును తప్పితే కోర్టు బోనెక్కించొచ్చు. తేడా అక్కడుంది.

నీళ్ల సంగతి చూడండి. తుంగభద్ర దిగువ కాలువ ఈ పడమటి ప్రాంతం గుండానే పోతుంది. కాలువ అందని మెట్టకు వానే దిక్కు. దక్షిణాఫ్రికా 1996 రాజ్యాంగంలోనే నీటిని హక్కుగా రాసుకుంది. 2010 జూలై 28న ఐక్యరాజ్యసమితి మంచినీటిని మానవ హక్కుగా గుర్తించింది. ఇంటికి ఇన్ని బిందెలు ఇచ్చి తీరాలని మన రాజ్యాంగంలో ఏ పేజీలో ఉంది?

పని సంగతీ అంతే. 41వ అధికరణం పని హక్కు మాటెత్తింది. అయితే అది ఆదేశిక సూత్రం, కోర్టులో చెల్లదు. 2005లో ఉపాధి హామీ చట్టం ఇంటికి 100 రోజుల పని అంది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలుపెట్టారు. మిగతా 265 రోజుల మాటేమిటి? 2025 డిసెంబరులో పార్లమెంటు దాని స్థానంలో ఇంకో చట్టం చేసింది. 125 రోజులంది, సాగు కాలంలో 60 రోజులు పని ఆపొచ్చనీ రాసింది. మామూలు చట్టం ఒక్క ఓటింగుతో మారిపోతుంది. అందుకే ప్రాథమిక హక్కు కావాలంటున్నాం.

86వ సవరణతో 2002లో చదువు ప్రాథమిక హక్కయింది. మిరప చేను గట్టు మీద తమ్ముణ్ణి ఎత్తుకొని నిలబడిన పిల్లకు ఆ హక్కు ఏ ఊరి బడిలో దొరుకుతుంది? పిల్ల ఎక్కడుంటే హక్కు అక్కడికి నడిచి రావాల.

చట్టం లేని మాట విలువెంతో రాయలసీమకు చెప్పనక్కర లేదు. 1937 నవంబరు 16న శ్రీబాగ్ ఒడంబడికలో తుంగభద్ర, కృష్ణా, పెన్నా నీళ్లు సీమకే ముందన్నారు. పెద్దమనుషుల మాట కాగితం మీదే ఎండిపోయింది.

డబ్బెక్కడిదంటారా? 1978 దాకా ఆస్తి ప్రాథమిక హక్కుగా ఉండింది. పని ఒక్కరోజు కూడా కాలేదు. చదువు ఆదేశిక సూత్రాల్లోంచి హక్కుల్లోకి రావడానికి యాభై ఏళ్లు పట్టింది. అంటే ఆ జాబితా శిలాశాసనం కాదు, కొట్లాడితే మారుతుంది.

విద్యార్థులారా, మీ తరగతిలో సుగ్గికి పోయి రాని పేర్లు లెక్కపెట్టండి. ఉద్యోగులారా, మీ జీతానికి రూలుంది, సెలవుకు రూలుంది. కూలివాడి కడుపుకే ఎందుకు లేదో గొంతెత్తి అడగండి.

ఊరు విడిచి పోవడం మా ఇష్టం కావాల. గతి కాగూడదు!