బిల్డ్ ఆగిందా? ముందు సెట్టింగులు చూడండి

కోలారు జిల్లా కంప్యూటర్ ల్యాబుల బాధ్యులకు, ప్రాజెక్ట్ గైడ్లకు, విద్యార్థులకు విజ్ఞప్తి

జావా ప్రోగ్రాంలో "కోలారు" అని తెలుగులో రాసి, ఇంగ్లీషు సెట్టింగ్ ఉన్న విండోస్ మెషీన్‌లో, ఎన్‌కోడింగ్ ఏదో చెప్పకుండా జావా 17తో కంపైల్ చేస్తే బిల్డ్ ఆగిపోతుంది. "అన్‌మ్యాపబుల్ క్యారెక్టర్" అంటుంది కంపైలర్. కోడ్‌లో తప్పు లేదు. ఫైలు యూటీఎఫ్-8లో ఉంది. మెషీన్ మాత్రం దాన్ని విండోస్-1252 పట్టిక ప్రకారం చదవమంది. ఆ పట్టికలో అక్షరం కేటాయించని స్థానాలు అయిదున్నాయి. "రు" కొమ్ములోని చివరి బైటు, హెక్సాలో 81, సరిగ్గా అలాంటి స్థానంలో పడుతుంది. పోనీ పొల్లుతో "కోలార్" అని రాస్తే చివరి బైటు 8డి, అదీ ఖాళీయే.

కన్నడ లిపిలో "కోలార" అని రాస్తే ఇంకా చిత్రం. ఆ బైట్లన్నిటికీ పట్టికలో ఏదో ఒక గుర్తు ఉంది కాబట్టి బిల్డ్ పూర్తవుతుంది, విండోలో మాత్రం ఊరిపేరు బదులు గజిబిజి గుర్తులు కనిపిస్తాయి. 2022లో వచ్చిన జావా 18 నుంచి యూటీఎఫ్-8 డిఫాల్ట్ అయింది. పాత జేడీకే నడుస్తున్న చోట ఈ బాధ అలాగే ఉంది. ముళబాగిలు, శ్రీనివాసపురం వైపు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం చదివే పిల్లలు తమ భాషలో మెనూ రాయబోతే మొదట తగిలే దెబ్బ ఇదే.

రెండో గొడవ పాత్ అనే వేరియబుల్‌ది. కమాండ్ కొట్టగానే సిస్టం పాత్‌లోని ఫోల్డర్లను వరుసగా వెతికి, మొదట దొరికిన ప్రోగ్రాంనే నడుపుతుంది. "జావా -వెర్షన్" 17 చూపిస్తుంది. బిల్డ్ చేసే మేవెన్ మాత్రం జావా హోమ్ అనే వేరియబుల్‌ను నమ్ముకుని జావా 8 పట్టుకుంటుంది. అప్పుడు "ఇన్‌వాలిడ్ టార్గెట్ రిలీజ్: 17" అని బిల్డ్ కూలుతుంది. విద్యార్థి సెట్టింగ్ దిద్దుతాడు, అయినా అదే ఎర్రర్. ఎందుకంటే ముందే తెరిచి ఉన్న కమాండ్ విండోకు ఆ మార్పు చేరదు. పుట్టినప్పుడు అందిన నకలుతోనే అది బతుకుతుంది. ఆ సంగతి చెప్పేవారు లేక విండోస్‌నే మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. "సెట్‌ఎక్స్"తో పాత్ పొడిగించమనే చిట్కా మరీ ప్రమాదం: 1024 అక్షరాలు దాటినదాన్ని అది కోసేస్తుంది, ఆ తర్వాత ల్యాబ్‌లో ఏ కమాండ్ కనిపించకుండా పోతుందో చెప్పలేం.

సెట్టింగుల వల్ల బిల్డ్ చెడడం మన ల్యాబుల చేతకానితనం కాదు. ఫైళ్లలో మాటలు వెతికే గ్రెప్ కమాండ్‌కు గ్రెప్ ఆప్షన్స్ అనే వేరియబుల్ ఉండేది. ఎవరో తమ సౌకర్యానికి అందులో పెట్టుకున్న ఐచ్ఛికాలు ఇతరుల బిల్డ్ స్క్రిప్టులను చెడగొట్టేవి. గ్నూ బృందం 2014లో దాన్ని వద్దని హెచ్చరించి, 2020లో పూర్తిగా పనిచేయకుండా చేసింది.

కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ (కేజీఎఫ్)కు ఈ విషయంలో ప్రత్యేక పట్టింపు ఉంది. 2001లో భారత్ గోల్డ్ మైన్స్ మూతపడ్డాక ఇక్కడి జనం మారికుప్పం నుంచి రైలెక్కి రోజూ బెంగళూరు పోయి వస్తున్నారు. వారి పిల్లలు చేరబోయే కంపెనీల్లో బిల్డ్‌ను వేరే సర్వర్ మొదటి నుంచీ చేస్తుంది. సొంత మెషీన్‌లో నడిచిందన్న మాట అక్కడ చెల్లదు.

అందుకే జిల్లాలోని ఇంజనీరింగ్ కాలేజీలు, పాలిటెక్నిక్‌లు ఒక పద్ధతి పెట్టాలి. ప్రాజెక్ట్‌కు కావలసిన జేడీకే వెర్షన్, ఎన్‌కోడింగ్, వేరియబుల్స్ ప్రాజెక్ట్ ఫోల్డర్‌లోనే ఫైలుగా ఉండాలి. మెషీన్ మొత్తానికి వర్తించే సెట్టింగులను విద్యార్థులు ముట్టుకోకూడదు. మేవెన్‌కు ర్యాపర్ ఉంది, వాడాలి. మార్కులు వేసే ముందు కొత్త యూజర్ అకౌంట్‌లో ఒకసారి బిల్డ్ చేయించాలి. లినక్స్ అయితే "ఎన్వ్ -ఐ"తో ఖాళీ వాతావరణంలో నడిపి చూడవచ్చు, పాత్, జావా హోమ్ స్క్రిప్టే పెట్టుకోవాలి. బిల్డ్ ఆగినప్పుడు రికార్డులో మొదటి ఎర్రర్ లైను, "వేర్ జావా", "ఎంవీఎన్ -వెర్షన్" ఇచ్చిన జవాబులు రాయించాలి. వేరియబుల్స్ మొత్తం జాబితాను మాత్రం ఎవరికీ పంపవద్దు, అందులో పాస్‌వర్డులు దాగి ఉండవచ్చు.

దీనికి కొత్త కంప్యూటర్లు కొననక్కరలేదు. వచ్చే సెమిస్టర్ ప్రాజెక్టులు మొదలవకముందే ల్యాబ్ బాధ్యులు ఈ పద్ధతిని నోటీసు బోర్డులో తెలుగు, కన్నడ, ఇంగ్లీషుల్లో పెట్టాలి. పెట్టకపోతే విద్యార్థులే వెళ్లి అడగాలి.